దసరా చీటీ

రామలింగం కొట్లో జీతం పెరగడానికి కాయితాలుండవు. తాంబూలం ఉంటుంది.

బర్మాలో, లమ్మడా పేటలో, నది వైపు దిగే సందులో అతనిది అపరాల కొట్టు. మినుములు, పెసలు, కందులు పై ఊళ్ళ నుంచి లారీల్లో వస్తాయి, రేవు దాటి ఇండియాకి పోతాయి. దసరా నాడు కొట్లో అమ్మవారి పటానికి పూజ చేసి, పనిచేసేవాళ్ళని పేరుపేరునా పిలుస్తాడు. రెండు తమలపాకులు, ఒక వక్క, మధ్యలో మడత పెట్టిన చీటీ. చీటీ మీద పేరు, పేరు కింద జీతం ఎంత పెరిగిందో, ఇక్కడి డబ్బు చాట్లలో. రెండూ సావుకారు స్వయంగా రాసినవే. తీసుకున్నవాళ్ళు కాళ్ళకి దణ్ణం పెట్టాలి. చీటీ గుమాస్తాకి చూపిస్తే ఆ నెల నుంచి జీతం అంత పెరుగుతుంది. ఆ చీటీని ఎవరూ పారెయ్యరు. అమ్మవారి పాదాల దగ్గర పెట్టి తీసింది కదా. కొందరు పెట్టెలో బట్టల అడుగున దాచుకుంటారు, కొందరు పర్సులో పెట్టుకు తిరుగుతారు. తాతల నాటి నుంచి నడుస్తున్న పద్ధతి. ఇదేం పద్ధతని అడిగినవాళ్ళు లేరు. జయ కూడా అడగలేదు. తప్పు అక్కడే చేసింది.

జయ ఆ కొట్లో సరుకు చూసే మనిషి. బస్తాలో ఇనప గొట్టం గుచ్చి గుప్పెడు గింజలు లాగుతుంది. పళ్ళెంలో పోసి వేళ్ళతో పరుస్తుంది. పుచ్చెంత, రాయెంత, పాత పంటెంత, చూపులోనే తేలిపోతుంది. రెండు గింజలు కొరికి చెమ్మ చెబుతుంది. నమూనా సంచి మీద రకం రాసి సంతకం పెడుతుంది. ఎనిమిదేళ్ళుగా అదే పని. మద్రాసు బేరగాళ్ళ తరఫున కొనే కృష్ణకుమార్ ఆ సంతకం కనబడితే మూట విప్పకుండానే లారీకెక్కించమంటాడు. బర్మా వాళ్ళైన మోత కూలీలు ఆమెని ‘మ జయ’ అని మర్యాదగా పిలుస్తారు. సావుకారు మాత్రం ‘జయమ్మా’ అంటాడు, పని పడితే ‘తల్లీ’ అంటాడు.

ఆమెకి ఎనిమిదో నెల వచ్చినప్పుడు రామలింగం నలుగురి ముందూ ఒక మాటన్నాడు.

“ఈ దసరాకి నీ సీటీలో లచ్చ చాట్లు పెరుగుతాయి జయమ్మా. లోపలున్న గుంటకి సెప్పీ, పాలడబ్బాల కరుసు ఈ తాతదని.”

ఆ మాట నమ్ముకునే అత్త మంగాయమ్మ అహ్లోన్‌లో గోనెసంచులు కుట్టే పని మానేసింది. పుట్టబోయే బిడ్డని చూసుకోడానికి ఇంట్లో ఒక మనిషి ఉండాలి. జయ భర్త వాసు సేక్కాన్ రేవులో ఓడ సరుకు లెక్కపెడతాడు. అతని జీతం గది అద్దెకీ బియ్యానికీ సరిపోతుంది. ముసలామె కుట్టుకూలి పోయినా, జయకి పెరిగే లక్ష ఆ గొయ్యి పూడుస్తుంది. అదీ ఆ ఇంటి లెక్క.

బిడ్డ మూడు వారాలు ముందే వచ్చింది. మహర్నవమి నాడు పుట్టింది. మర్నాడు కొట్లో తాంబూలాలు పంచుతుంటే జయ ఆసుపత్రి మంచం మీద ఉంది.

మూడు నెలల సెలవు తర్వాత పనికి వచ్చిన రోజే సావుకారు ముందు నిలబడింది. రామలింగం నోట్లో కిళ్ళీ ఉంది. బల్ల కింద రేకు పాలడబ్బా ఒకటి ఉంది, ఉమ్మెయ్యడానికి. దాని అంచున ఎర్రటి చార ఎండిపోయి, పైన ఈగలు.

“నా చీటీ సావుకారుగారూ.”

“ఏ సీటీ?”

“దసరాది.”

అతను వంగి ఉమ్మేసి, నిదానంగా తలెత్తాడు. “పురుటి మైలలో ఉన్న సేతికి అమ్మోరి సీటీ ఎలాగిస్తాననుకున్నావు?”

“పదకొండో రోజుకే పురుడు తీరిపోయిందండి.”

“దసరా కూడా తీరిపోయింది గదా.” గుమాస్తా లోకనాథం వైపు చూసి కన్ను గీటాడు. లోకనాథం నవ్వాడు, జీతం తీసుకునేవాడు నవ్వాల్సిన నవ్వు. “నీ సీటీ ఎక్కడికీ పోనేదమ్మా. అమ్మోరి పటం ఎనకాల పెట్టి ఉంచేను. మళ్ళీ దసరాకి నా సేత్తో నీకిస్తాను. నడిమిని తీస్తే ఎవులికి మంచిది? నాకేటి? నీ పిల్లకే తగుల్తాది.”

పసిగుడ్డు మాటెత్తి నోరు మూయించాడు.

ఇంటికి వెళ్ళి చెబితే మంగాయమ్మ రెండు చేతులూ చెంపలకి తగిలించుకుంది. “నిజమేనే. అమ్మోరితో ఎకసెక్కాలాడకూడదు. ఎదురు సూద్దాం. నాను మళ్ళీ సంచులకి ఎల్తాను, గుంటని ఈపున కట్టుకుంటాను.”

“ఆ గోనె దుమ్ములోనా అత్తా? పెద్దోళ్ళే దగ్గి దగ్గి సస్తన్నారు.”

“మరేటి సెయ్యమంటావు? నువ్వు మానీ, ఇంట్లో కూకో.”

వాసు ఒక్కటే అన్నాడు. “రాత్రి ఓడలు కూడా ఒప్పుకుంటాను. రెండు నెల్లు లాగుతాను. ఆ పైన నా వల్ల కాదు.”

అంటే రెండు నెలలు. ఆలోగా జీతం పెరక్కపోతే ఎవరో ఒకరు ఓడిపోవాలి. గోనె దుమ్ములో బిడ్డయినా, ఎనిమిదేళ్ళ పని వదులుకుని జయయినా.

కొట్లో వెనక గదిలో బస్తాల మధ్య నిలబడి జయ పాలు పిండుకునేది. ముక్కిపోయిన పాత గోనెల వాసన, కాలి మీదికి ఎక్కే పెంకు పురుగులు. సీసా తెచ్చి కొట్లో ఉన్న ఫ్రిజ్‌లో పెట్టేది. కరెంటు రోజుకి నాలుగైదు గంటలుంటే గొప్ప, అందుకని ఐసుముక్కలు కొని చుట్టూ పేర్చేది. సాయంత్రం ఇంటికి పట్టుకెళితే మర్నాడు పొద్దున్న బిడ్డకి పనికొస్తాయి.

ఒక శుక్రవారం రామలింగం ఫ్రిజ్ తలుపు తీశాడు. అమ్మవారి అభిషేకానికి తెచ్చిన పాల చెంబు పక్కనే సీసా ఉంది.

“ఇదేటిది?”

“నాదండి. పిల్లకి.”

“అమ్మోరి పాల పక్కన నీ పాలా? ఎంగిలైపోవేటి?”

సీసా మూతని రెండు వేళ్ళతో పట్టుకుని, చచ్చిన ఎలకని తోకతో ఎత్తినట్టు ఎత్తి, వీధి కాలవ దగ్గరికి నడిచి ఒంపేశాడు. తెల్లటి ధార అతని పొద్దుటి కిళ్ళీ ఉమ్ముల మీదుగా జారి వెళ్ళింది. తర్వాత చెయ్యి కడుక్కుని, చెంబు తీసుకుని, పటం ముందు కూర్చుని “అమ్మా, తల్లీ” అని మొదలెట్టాడు.

జయ ఆ చెయ్యి వైపు చూస్తూ నిలబడింది.

జయ సెలవులో ఉండగా ఆమె పని చూసినవాడు సుశాంత్. సావుకారు భార్యకి దూరపు చుట్టం. పాతికేళ్ళుంటాయి. పని నేర్పింది జయే. మనసు మంచిది, చూపు మంచిది కాదు. పెసల్లో రాయి కనబడదు. “అక్కా, అక్కా” అని తిరుగుతాడు. ఒక మధ్యాహ్నం ఇద్దరికీ టీ తెప్పించి, డబ్బివ్వడానికి పర్సు తెరిచాడు.

“ఇది సూడక్కా, నా మొదటి సీటీ. పర్సులోంచి తియ్యను. ఇది వొచ్చినకాడి నుంచీ పర్సు కాళీ అవ్వనేదు, తెలుసా?”

మడత విప్పి చూపించాడు. జయకి తెలుగు అక్షరాలు చిన్నప్పుడు గుళ్ళో నేర్పారు. ఇన్నాళ్ళూ వాటితో పెద్దగా పని పడలేదు. చీటీ మీద పైన ఒక పేరు, రెండు గీతలతో కొట్టేసి ఉంది. దాని మీద ఇరికించి ‘సుశాంత్’ అని రాసి ఉంది. గీతల కింద ‘జయ’ స్పష్టంగానే కనబడుతోంది. కింద లక్ష అంకె మాత్రం దిద్దలేదు. ఎలా రాసింది అలాగే ఉంది.

“పేరు కొట్టేసి ఉందేటిరా?”

“సావుకారు తొందర్లో తప్పు రాసీసేరట. అమ్మోరి కాడ పెట్టిన కాయితం సింపకూడదు గదా, అందుకే కొట్టీసి రాసేరు.” వాడి మొహంలో ఏ కల్మషమూ లేదు. గీతల కింద ఎవరి పేరుందో చదివి చూసుకోవాలని కూడా వాడికి తోచలేదు.

జయ టీ అలాగే వదిలేసింది. లేచి పటం దగ్గరికి వెళ్ళి, వెనక చెయ్యి పెట్టి తడిమింది. బూజు తగిలింది. ఎండిన బొద్దింక తగిలింది. రెండు బల్లి గుడ్లు. అంతే.

చేతికి అంటిన బూజుతోనే సావుకారు ముందుకెళ్ళింది.

“పటం ఎనకాల బల్లి గుడ్లున్నాయండి. చీటీ లేదు.”

రామలింగం తడుముకోలేదు. సిగ్గున్న మనిషైతే తడుముకోవాలి. “ఓ, అదా. మగోడమ్మా ఆడు. రేపు పెళ్ళి సేసుకోవాల, కాపరం ఎట్టాల. నీకేటి లోటు? మొగుడున్నాడు.”

“నా పేరు కొట్టేసి ఇచ్చేరు.”

“అమ్మోరి సిత్తం. నువ్వు ఆ రోజున రానేదు. అయినా మూడు నెల్లు ఇంట్లో కూకుని జీతం తీసుకున్నావు, అది సాలదా?”

“కూకున్నానా అండి?”

“మరేటి, మంచమ్మీద మినుములు ఏరినావా?”

లోకనాథం పెద్దగా నవ్వాడు. కూలీలకి తెలుగు తెలియకపోయినా నవ్వు చూసి ఇద్దరు ఇటు తిరిగారు. జయ చేతి బూజు చీర కుచ్చెళ్ళకి తుడుచుకుని తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. రెండు నెలల్లో మిగిలినవి ఇక పన్నెండు రోజులు.

కొత్త మినుములు దిగుతున్న రోజులవి. ఒక మంగళవారం పొద్దున్న జయ వచ్చేసరికి ఎడమపక్క మూల మూడొందల బస్తాలు కొత్తగా పేర్చి ఉన్నాయి. గొట్టం గుచ్చి లాగింది. గింజలు కాటుక పెట్టినట్టు నల్లగా మెరుస్తున్నాయి. కొత్త పంట అలా మెరవదు. గుప్పెట్లోకి తీసుకుంటే వేళ్ళు జిడ్డయ్యాయి. ముక్కుకి దగ్గరగా పెట్టుకుంది. కాచి కాచి పారెయ్యాల్సిన పల్లీనూనె వాసన. నూనె కింద పురుగు తిన్న పొడి పేస్టులా మెత్తగా నలిగింది. నిరుటి సరుకు. అమ్ముడుపోక పుచ్చిపోయినదానికి నూనె రాసి కొత్తదని చెబుతున్నారు.

వెనకనుంచి రామలింగం వచ్చాడు. చేతిలో పళ్ళెం. పళ్ళెంలో రెండు తమలపాకులు, ఒక వక్క, మడత పెట్టిన చీటీ. సిరా ఇంకా ఆరినట్టు లేదు.

“ఇదిగో తల్లీ, నీ సీటీ. లచ్చా రాసేను. ఈ నెల నుంచే. కృష్ణకుమార్ పది గంటలకొస్తాడు. ఆ మూడొందలకీ కొత్త పంటని రాసి సంతకం పెట్టీ.”

“ఇయ్యాల దసరా కాదు గదండి?”

“అమ్మోరు ఎప్పుడిచ్చినా అమ్మోరే.”

“నడిమిని తీస్తే నా పిల్లకి తగల్దేటి?”

రామలింగం నవ్వాడు. పళ్ళ సందుల్లో వక్క పలుకులు, చిగుళ్ళ మీద ఎర్రటి నురగ. “ఓసి నీ అసాధ్యం కూలా! ఇంకా అదే గురుతెట్టుకున్నావా?”

జయ చీటీ వైపు చూసింది. ఒక్క సంతకం. రెండక్షరాలు. నూనె రాయడం బజారులో రామలింగం ఒక్కడే చెయ్యడు. కృష్ణకుమార్ ఆమె సంతకం చూస్తే విప్పడు. విప్పేది మద్రాసులో. అప్పటికి బిడ్డ ఇంట్లోనే అత్త ఒళ్ళో ఉంటుంది, గోనె దుమ్ములో ఉండదు. ఆమె చెయ్యి పళ్ళెం వైపు కదిలింది కూడా. ఆకుల దాకా వెళ్ళింది. అప్పుడు తన వేళ్ళు కంటబడ్డాయి. గోళ్ళ నిండా ఆ నల్ల జిడ్డు. చెయ్యి వెనక్కి తీసుకుంది.

“పెట్టనండి.”

“ఏటీ?”

“ఈ సరుక్కి పెట్టను. నా జీతం సంగతి తేలేదాకా మంచి సరుక్కీ పెట్టను. నన్ను తీసేస్తానంటే తీసెయ్యండి.” చేతులు రెండూ చీరకి తుడుచుకుంది. “సుశాంత్‌కి ఇచ్చేరు గదా నా చీటీ. ఆడి సేతే పెట్టించండి సంతకం.”

రామలింగం కళ్ళు చిన్నవయ్యాయి. “నువ్వు నేకపోతే ఈ కొట్టు నడవదనుకున్నావేటి?” అని పళ్ళెం విసురుగా తిప్పుకుని వెళ్ళిపోయాడు. “ఒరే సుశాంతూ!”

వాడు వచ్చి మూడు నమూనా సంచుల మీద సంతకాలు పెట్టాడు. జయ తన బల్ల దగ్గర ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది.

పదింటికి కృష్ణకుమార్ వచ్చాడు. బట్టతల, చంకలో సంచీ, ఎప్పుడూ తొందర. సంచి మీద సంతకం చూశాడు.

“ఇదెవులిది?”

“మా సుశాంత్‌ది. తయారైపోయేడు.”

“జయమ్మ రానేదేటి?”

“అక్కడ ఉంది గదా. ఒంట్లో బాగోనేదు.”

కృష్ణకుమార్ జయ వైపు ఒకసారి చూశాడు. ఆమె ఒళ్ళోంచి చేతులు తియ్యలేదు. అతను గ్లాసుడు నీళ్ళు తెప్పించి, గుప్పెడు మినుములు అందులో వేసి, వెలుగుకి ఎత్తి పట్టుకున్నాడు. నీళ్ళ మీద రంగురంగుల తెట్టు కట్టింది. సగం గింజలు పైకి తేలాయి. తేలినవాటిలోంచి ఒక పురుగు ఈదుకుంటూ బయటికొచ్చింది.

“సావుకారుగారూ, మీ మినుములు తలంటుకున్నట్టున్నాయి. పండగేటి ఇయ్యాల?”

కూలీల మేస్త్రి దండాసి తెలుగువాడే. వాడు పక్కకి తిరిగి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. రామలింగం పళ్ళికిలించాడు. “పై ఊరోళ్ళు మోసం సేసేరండి. నాకేటి తెలుసు?”

“మీకేటీ తెల్దు, మీరు పసిపిల్లలు.” కృష్ణకుమార్ గ్లాసు కింద పెట్టాడు. “ఆ కుడిపక్క సరుకు కొత్తదిలాగుంది. జయమ్మ సంతకం పెడితే ఇప్పుడే ఎక్కించుకుంటాను. నేకపోతే ఎదర కొట్టుకి ఎల్తాను. తేల్చండి. లారీ నిలబడిపోనాది.”

అందరూ జయ వైపు చూశారు. కృష్ణకుమార్ తన పక్షమని జయ అనుకోలేదు. అతనికి కావాల్సింది సరుకు. ఎండు గింజో తడి గింజో చెప్పే నాలుక. ఆ నాలుక ఏం తింటోందో అతనికి అక్కర్లేదు.

రామలింగం దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. కిళ్ళీ తడి ఆమె చెంప మీద పడింది. “ఏటి కావాల?”

“కాయితం. చీటీ కాదు. బర్మా అక్షరాల్లో రాసి, కొట్టు ముద్ర ఎయ్యండి. దసరా నుంచి లెక్క.”

“దసరా నుంచా! ఇంట్లో ఉన్న నెలలకీనా?”

“మాటిచ్చింది అప్పుడే గదండి.”

“ఈ నెల నుంచి.”

“దసరా నుంచి.”

“పనికి తిరిగొచ్చిన రోజు నుంచి. అంతకి మించి దమ్మిడీ ఇవ్వను. కాదంటే నువ్వూ ఎల్లిపో, ఆ లారీ కూడా ఎల్లిపోనీ.”

“ఎంతసేపండీ?” అన్నాడు కృష్ణకుమార్, గడియారం చూసుకుంటూ.

జయ వాసు చెప్పిన గడువులో మిగిలిన రోజుల గురించి ఆలోచించింది. “రాయండి” అంది.

లోకనాథం రాశాడు. రామలింగం సంతకం పెట్టాడు. ముద్ర వేశాడు. పని అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ అతను కాయితం జయకి ఇవ్వకుండా పటం దగ్గరికి పట్టుకెళ్ళాడు. పొద్దుటి తమలపాకుల్లో పెట్టాడు. చప్పట్లు కొట్టి కూలీలనీ, గుమాస్తానీ, సుశాంత్‌నీ అందరినీ పిలిచాడు.

“పసిబిడ్డ తల్లి. ఆడకూతురు. ఈ కరువు రోజుల్లో ఎలాగ బతుకుతాదని రాత్రి నాకు నిద్ర పట్టనేదు. అమ్మోరు కల్లోకి వొచ్చి, ఒరే రామలింగం, దసరా దాకా ఆగకురా అంది.”

ఆ మాట చెబుతుంటే అతని కళ్ళు నిజంగానే చెమర్చాయి. జయ చూపు తిప్పుకుంది. అబద్ధం ఆడేవాణ్ణి చూడగలం. ఆడిన అబద్ధానికి తానే ఏడ్చేవాణ్ణి చూడలేం.

అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది సుశాంత్. కృష్ణకుమార్ కూడా లారీ కదులుతుందన్న సంతోషంలో, “మీరు దేవుడండి” అన్నాడు.

రామలింగం ఆకులున్న చెయ్యి చాచాడు. కుడికాలు కాస్త ముందుకి జరిపాడు. పగిలిన మడమ, పసుపు పచ్చటి గోరు, బొటనవేలి మీద ఎండిన కిళ్ళీ చుక్క. జయ ఆకుల మధ్య నుంచి కాయితం మాత్రం లాక్కుంది. ఆకులూ వక్కా అతని చేతిలోనే మిగిలిపోయాయి.

“దణ్ణం పెట్టమ్మా” అని లోకనాథం గుర్తు చేశాడు.

“మైల” అంది జయ. “నాకింకా తీరలేదు.”

కాయితం మడిచి జాకెట్లో పెట్టుకుని కుడిపక్క బస్తాల దగ్గరికి వెళ్ళింది. గొట్టం గుచ్చింది, కొరికింది, చూసింది. మంచి సరుకే. సంతకం పెట్టింది. ఎడమపక్క మూడొందల బస్తాల మీద ఎవరూ అడక్కపోయినా ‘పాతది, నూనె’ అని సుద్దముక్కతో పెద్దగా రాసింది.

ఇంటికి రాగానే గోలెం దగ్గర కూర్చుని సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకుంది. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి. లోపల బిడ్డ ఏడుస్తోంది.

“కాయితం వొచ్చిందట గదా! నువ్వు సెప్పేవని వాసు ఫోను సేసేడు.” మంగాయమ్మ బిడ్డని భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చింది. “అమ్మోరి దయ. రేపు గుళ్ళో సావుకారు పేరు సెప్పి కొబ్బరికాయ కొడదాం.”

“ఆడి పేరు సెప్తే కాయలో నీళ్ళు కుళ్ళిపోతాయి అత్తా.”

“ఓలమ్మ! జీతం పెరిగినా నీ నోరు తగ్గనేదేటే.” ముసలామె కోడలి మొహం చూసి గొంతు మార్చింది. “ఏటయ్యిందే? గెలిసేవు గదా?”

“గెలిసేను.” జయ చేతులు వాసన చూసుకుని మళ్ళీ సబ్బు అందుకుంది. “రేపు పొద్దున్న మళ్ళీ ఆ మనిసి ముకమే సూడాల. ఆడు తల్లీ అంటాడు, నాను పలకాల. నెలనెలా లచ్చకీ నాను అమ్మీది అదే.”

మంగాయమ్మ బిడ్డని కోడలికి అందించింది. జయ తడి చేతులు చీరకి ఒత్తుకుని, మొహం పక్కకి తిప్పుకుని, బిడ్డని రొమ్ముకి అదుముకుంది. బిడ్డ ఏడుపు ఆగింది.

ముసలామె రేపో మాపో మళ్ళీ పనికి వెళ్ళాల్సి వస్తుందని పక్కింటి కమలమ్మ దగ్గర గోనె కుట్టే దబ్బనం ఒకటి అడిగి అంతకుముందే తెచ్చిపెట్టుకుంది. దాన్ని చూరులోంచి తీసి, పమిట చెంగుతో తుడిచి, దీపాలు పెట్టకముందే తిరిగిచ్చేసి వచ్చింది.